మంచానికి అటు పక్క లైటు

అతని అసలు పేరు ఆ పేటలో ఎవరికీ గుర్తులేదు. "రేపుగారి ఇల్లెక్కడ?" అంటే మాత్రం గోలీలాడుకునే పిల్లలు కూడా చెయ్యి చాపి చూపిస్తారు. ఎలక్ట్రీషియను. చేతిపనికి వంక పెట్టడానికి లేదు. అతను బిగించిన ఫ్యాను ఊగదు, అతను వేసిన లైను కాలదు. వచ్చిన చిక్కల్లా ఆ నోటితోనే. మోటారు కాలిపోయిందన్నా రేపు, బెల్లు మోగట్లేదన్నా రేపు, ఇల్లంతా చీకటిగా ఉంది బాబూ అని కాళ్ళావేళ్ళా పడ్డా "రేపు పొద్దున్నే మీ ఇంట్లో ఉంటాగా" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూసి నమ్మినవాళ్ళు నమ్మేవాళ్ళు, నమ్మనివాళ్ళు కొవ్వొత్తులు కొనుక్కునేవాళ్ళు. ఈ పేరు పెట్టింది మాత్రం బయటివాళ్ళు కాదు. కట్టుకున్న పెళ్ళామే.

ఆమెది పుస్తకాల బైండింగు పని. పగలంతా దారం, సూది, జిగురు. కుట్టడానికి వచ్చిన పుస్తకాన్ని కుట్టేసి ఊరుకునే మనిషి కాదు, చదివి గానీ వెనక్కి పంపదు. షాపులో చదివే తీరిక ఉండదు కాబట్టి సాయంత్రం ఇంటికి తెచ్చుకునేది. తెచ్చుకుని చదువుకోవడానికి ఆ ఎలక్ట్రీషియను గారి ఇంట్లో ఏముందయ్యా అంటే, పడగ్గది మధ్యలో మేకుకి చుట్టిన వైరు, దాని చివర ఒక బల్బు. పెళ్ళయిన కొత్తలో "తాత్కాలికం" అని వేలాడదీసింది. ఆ వెలుగు మంచం కాళ్ళవైపు పడేది. అందుకని ఆమె కాళ్ళవైపే కూర్చుని, వీపుకి ఆనుకోను గోడ కూడా లేక, నడుము పట్టేసేదాకా చదువుకునేది.

"తలవైపు గోడకి చిన్న లైటు పెట్టవూ?" అని అడిగింది. రేపన్నాడు. మళ్ళీ అడిగింది. రేపే అన్నాడు. అడగడం కొన్నాళ్ళకి వేళాకోళమైంది, వేళాకోళం సణుగుడైంది, సణుగుడు కూడా చివరికి ఆగిపోయింది. ఆగిపోతే ఈ మహానుభావుడు ఏమనుకున్నాడో తెలుసా? అమ్మయ్య, మర్చిపోయింది అనుకున్నాడు.

ఆమెకి పిల్లల్లేని పిన్ని ఒకావిడ ఉండేది. ఆవిడ పోతూ తన పాత ఇల్లు ఈమెకి రాసిపోయింది. పేటకి ఆ చివర, రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా. సర్దిరావడానికని వెళ్ళిన మనిషి అక్కడే ఉండిపోయింది. గొడవా లేదు, కేకలూ లేవు. వచ్చి తన బట్టలు, తన పుస్తకాలు తీసుకుంటుంటే అతనే గుమ్మానికి అడ్డం నిలబడి "ఎందుకు?" అన్నాడు.

"నాకు ఇవాళ చదువుకోవాలని ఉంది" అంది. అంతే. సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

అప్పట్నించీ అతని బతుకు చూడాలి. అన్నం వండుకుంటే ఇద్దరికి సరిపడా వండేవాడు, అలవాటున. బజార్లో జిగురు వాసన తగిలితే చాలు, వెనక్కి తిరిగి చూసేవాడు. మేకుకి వేలాడే బల్బు వేసి మంచం కాళ్ళవైపు చూస్తే అక్కడ దుప్పటి మీద ఆమె కూర్చున్న మడత ఉండేది కాదు. ఆమె కావాలి అతనికి. ఎంత కావాలంటే, ఎదురుపడితే ఏమనాలో రోజూ లోపల్లోపల అనుకునేవాడు, ఆ మాటలన్నీ చివరికి "ఇంటికి వచ్చెయ్" దగ్గర ఆగిపోయేవి. కానీ వెళ్ళి ఆ ముక్క అనడానికి నోరు లేదు. ఏ మొహం పెట్టుకుని అంటాడు?

ఒక మధ్యాహ్నం టీకొట్టు దగ్గర బావమరిది కనిపించాడు. ఆమె తమ్ముడు. అటూ ఇటూ మాటలు మోసే పాపానికి ఇద్దరిచేతా తిట్లు తినే మనిషి.

"బావా, అక్క గోడకి లైట్లు కొన్నది. ఇత్తడివి. బలే ఉన్నాయిలే. బిగించడానికి ఎవరినో మాట్లాడుతోంది."

అతనికి టీ గొంతులో అడ్డం పడింది. ముందు వచ్చింది కుళ్ళు. తను పెట్టాల్సిన లైటు ఇంకొకడు పెట్టడమా? దాని వెనకే భయం వచ్చింది. పిన్నిగారు బతికుండగా ఒకసారి ఆ ఇంట్లో స్విచ్చి బాగుచేశాడు. చెక్క పట్టీల మీద పరిగెత్తే వైర్లు, పైన గుడ్డ తొడుగు, పింగాణీ ఫ్యూజులు. లీకైన కరెంటుని నేలలోకి దింపే ఎర్తు అన్న మాటే ఆ ఇల్లు ఎరగదు. ఆ గోడకి ఇత్తడి లైటు బిగించడమంటే, తెలియనివాడు బిగిస్తే...

"నేను వస్తానని చెప్పు" అన్నాడు.

"ఎప్పుడని అడుగుతుంది మరి."

"ఇవాళే. ఇప్పుడే."

బావమరిది గ్లాసు బల్ల మీద పెట్టి బావ మొహంలోకి పరీక్షగా చూశాడు. ఒంట్లో బాగుందా అని అడగబోయి మానేసి ఫోను తీశాడు. సంగతి చెప్పాడు. అవతలనించి ఒక్క ముక్క వచ్చింది. బావమరిది దాన్ని ఉన్నదున్నట్టు చెవినేశాడు: "పనికి వచ్చినవాడు పని చూసుకుని వెళ్ళాలట."

అతను సంచీ భుజాన వేసుకుని దాదాపు పరుగులాంటి నడకతో వెళ్ళాడు. ఆమె తలుపు తీసింది. కొంచెం చిక్కింది. జడలో తెల్ల వెంట్రుక ఒకటి కొత్తగా కనిపించింది, లేదా ఎప్పట్నించో ఉన్నా మేకు బల్బు వెలుగులో అతను చూడలేదు.

"రండి" అంది.

రండి. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అతన్ని నువ్వు తప్ప మీరు అనలేదు. అత్తగారి ముందు కూడా అనలేదు. ఇప్పుడు గ్యాసు బండ తెచ్చినవాణ్ణి అన్నట్టు మీరంది. అతనికి చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. తల వంచుకుని లోపలికి వెళ్ళాడు.

గది శుభ్రంగా ఉంది. గోడ వారగా పుస్తకాల దొంతరలు, కిటికీ కింద కుట్టుచెక్క, జిగురు గిన్నె. మంచం తలవైపు గోడకి ఆనించి వేసింది. దుప్పటి కొత్తగా మార్చింది, దిండు గోడకి నిలబెట్టింది, దాని పక్కనే ఒక పుస్తకం, మధ్యలో దారం ముక్క గుర్తు. లైట్లు రెండూ ఇంకా పెట్టెలో, కాయితాల్లో చుట్టి ఉన్నాయి. ఒకటి తీసి చూశాడు. మంచి ఇత్తడి, పైన పాలరంగు గాజు గిన్నె. స్విచ్చి లైటుకే ఉంది, చెయ్యి చాపి నొక్కుకునేది. ఆమె ఎన్నాళ్ళు ఊహించుకుంటే ఇలాంటివి ఏరుకుని ఉంటుంది అనుకున్నాడు.

"ఇవాళ అవుతుందా?" అంది గుమ్మంలోనించి.

"అయిపోతుంది" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పనిలోకి దిగాక మాత్రం అతను వేరే మనిషి. ముందు టెస్టర్ని పనిచేసే ప్లగ్గులో పెట్టి వెలుగుతోందని చూసుకున్నాడు. తర్వాత గది లైటు స్విచ్చి ఆపి, స్టూలెక్కి బల్బు తీసి హోల్డర్లో పెట్టి చూశాడు. వెలిగింది. స్విచ్చి ఆపే ఉంది, అయినా హోల్డర్లో కరెంటుంది. అంటే ఆ పాతకాలపు మేస్త్రీ ఎవరో స్విచ్చి పెట్టాల్సిన వైరుకి పెట్టకుండా రెండోదానికి పెట్టాడు. లైటు ఆరుతుంది గానీ కరెంటు ఆగదు. ఇన్నాళ్ళూ ఆమె స్విచ్చి ఆపి బల్బు తుడిచి ఉంటుందా? తుడిచే ఉంటుంది. దుమ్ము పడనిస్తుందా ఆ మనిషి?

మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, మళ్ళీ ఒకసారి చూసుకుని అప్పుడు స్విచ్చి పెట్టె మూత విప్పాడు. లోపలి వైరు వేలితో తాకగానే తొడుగు పాత బిస్కెట్టులా పొడిపొడిగా రాలింది. లోపల రాగి బోసిగా మెరుస్తోంది. ఇంకో చోట విప్పాడు. అక్కడా అంతే.

"ఈ గోడ ముట్టుకుంటే ఎప్పుడైనా షాకు తగిలిందా?" అని అడిగాడు.

"ఆ, వానాకాలంలో జివ్వుమంటుంది. చెమ్మ కదా, అందుకనుకున్నా."

అతను స్టూలు దిగి దానిమీదే కూలబడ్డాడు. చెమ్మ అనుకుందట. ఇక్కడ ఈమె జివ్వుమనే గోడకి వీపు ఆనించి చదువుకుంటుంటే, తను అక్కడ రెండో మనిషికి అన్నం వండి పారబోసుకుంటున్నాడు.

చూడబోతే దారి ఒకటుంది. అతని సంచీలో నల్ల టేపుంది. రాలిన చోట చుట్టి, ఉన్న లైనులోంచే అతుకు వేసి లైట్లు తగిలించేస్తే చక్కగా వెలుగుతాయి. చీకటి పడకముందే ఆమె దిండుకి ఆనుకుని పుస్తకం తెరుస్తుంది. అన్న మాట నిలబెట్టుకున్నవాడవుతాడు. ఆ దిక్కుమాలిన పేరు తుడిచిపెట్టుకుపోతుంది. కొన్నాళ్ళు ఏమీ కాకపోవచ్చు కూడా. పేటలో సగంమంది మేస్త్రీలు చేసేది అదే.

కానీ ఇత్తడి. ఎర్తు లేని ఇత్తడి. జిగురు తడి ఆరని చేత్తో ఆమె స్విచ్చి నొక్కడానికి చెయ్యి చాపడం అతని కళ్ళకి కట్టింది. టేపు చుట్టని సంచీలోకి తోసేశాడు. కొత్త లైను వెయ్యాలి. మంచి వైరు కావాలి, ఎర్తు కావాలి, కరెంటు లీకైతే తనంతట తనే పడి లైను ఆపేసే బ్రేకరు కావాలి. అవేవీ సంచీలో లేవు. అసలే షాపులకి సెలవు రోజు.

ఇక మొదలైంది అసలు అవస్థ. ఆ మాట అనాలి. ఏ మాట అని అని ఈమెని పోగొట్టుకున్నాడో, మళ్ళీ ఆ మాటే ఈమె మొహం మీద అనాలి.

"ఇవాళ పెట్టకూడదు" అన్నాడు.

"అంటే?"

"లైను పాడైపోయింది. కొత్తది లాగాలి. సామాను కావాలి."

"ఎప్పుడు?"

"షాపు తియ్యగానే."

"ఎప్పుడు తీస్తాడు?"

"పొద్దున."

"ఏ పొద్దున?"

"అదే... తెల్లారగానే వచ్చే పొద్దున."

ఆమె గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుంది. "ఆ ముక్క అనడానికి ఎందుకన్ని తంటాలు? అలవాటైన నోరేగా, అనండి."

అతను నేలకేసి చూస్తూ అన్నాడు. "రేపు."

వీధిలో ఎవరో బండి స్టాండు వేసిన చప్పుడు వినిపించింది.

"సిగ్గు లేదూ నీకు?" అంది. మాట మెల్లిగానే మొదలైంది. "ఇక్కడికొచ్చి, నా గుమ్మంలోకొచ్చి, మళ్ళీ అదే మాటా? దుప్పటి మార్చుకున్నాను రా నాయనా. పిచ్చిదానిలా దిండు పెట్టుకుని కూర్చున్నాను. ఇవాళ అంటున్నాడట అని మా తమ్ముడు చెబితే నమ్మాను, నన్ను చెప్పుతో కొట్టాలి. ఇప్పుడేమంటావో కూడా చెప్పనా? ఈ ఇల్లు పనికిరాదు, ఇక్కడ ఉండకూడదు, పద మనింటికి అంటావు. అందుకేగా వచ్చావు?"

నిజం చెప్పాలంటే సరిగ్గా ఆ మాటే అతని నాలిక చివర ఉంది. ఇల్లు ప్రమాదం, ఇంటికి వచ్చెయ్. అబద్ధం కూడా కాదు. ఎప్పట్నించో మోస్తున్న మాట, బయటపడడానికి ఇంత మంచి సాకు మళ్ళీ దొరకదు. మింగేశాడు. ఒకపక్క ఆమె మీరు వదిలేసి నువ్వు అని తిడుతోంది, ఆ తిట్లు ఎంత తియ్యగా ఉన్నాయో అతనికే తెలియాలి. ఇంకాసేపు తిడితే బాగుండుననుకున్నాడు, సిగ్గులేని మనిషి.

"ఉండకూడదని అనను" అన్నాడు. "గోడలు గట్టివి, ఇల్లు మంచిది. లైను ఒక్కటే పాడు. నా మాట మీద నమ్మకం లేకపోతే వేరే మేస్త్రీని పిలిచి ఈ వైరు చూపించు. ఈలోగా ఈ గదికి కరెంటు ఉండకూడదు."

అని బోర్డులో ఆ గది లైను తీసేసి, ఫ్యూజు మళ్ళీ ఎవరూ పెట్టకుండా వెంట పట్టుకుపోయాడు. లైట్లు పెట్టడానికి వచ్చి ఉన్న లైటు కూడా పీకి పోయే మొగుణ్ణి ఆమె ఎక్కడా చూసి ఉండదు. వెళ్తూ వెళ్తూ తన టార్చి మంచం మీద పెట్టాడు. ఆమె దానివంక చూడలేదు.

ఇంటికి వచ్చి కూర్చుంటే కొత్త ఆలోచన ఒకటి పురుగులా తొలవడం మొదలుపెట్టింది. కొత్త లైను వేశాడనుకో. గట్టిగా, శుభ్రంగా, పాతికేళ్ళు పనికొచ్చేలా వేశాడనుకో. అప్పుడు ఆమెకి ఆ ఇంట్లో లోటేమిటి? ఇక్కడికి ఎందుకొస్తుంది? వెయ్యకపోతే? రేపుగారు రేపు రాలేదంటే పేటలో ఒక్కడు కూడా ఆశ్చర్యపోడు. టార్చితో ఎన్నాళ్ళు చదువుతుంది, ఆ గదికి కరెంటు లేకుండా ఎన్నాళ్ళుంటుంది? విసుగెత్తి తనే వస్తుంది. ఏమీ చెయ్యక్కర్లేదు. ఏమీ చెయ్యకుండా ఉండడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

ఆశ మనిషిని ఎంత దిగజారుస్తుందో చూడండి. చాలాసేపే ఆలోచించాడు ఆ సంగతి. కానీ అలా వచ్చిన మనిషి మళ్ళీ ఈ మేకు కిందే కాళ్ళవైపు కూర్చుంటుంది, నడుము పట్టుకుంటుంది. దేనికోసం కావాలి తనకామె? ఇంట్లో ఉందనిపించుకోవడానికా? గోడకి ఆనుకుని, హాయిగా కాళ్ళు చాపుకుని, పుస్తకంలో పడి పిలిచినా పలకని ఆమెని చూడాలి. ఒక్కసారైనా చూడాలి. అది ఆ ఇంట్లోనైతే ఆ ఇంట్లోనే.

మర్నాడు ఎలక్ట్రికల్ షాపువాడు షట్టరు ఎత్తేసరికి ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "ఏం రేపుగారూ, ఇవాళ తారీఖు తప్పారా?" అన్నాడు షాపువాడు. అతను నవ్వలేదు. మూడు వైర్ల రాగి కేబులు, దాని మీద కప్పే ప్లాస్టిక్ కేసింగు, బ్రేకరు, ఎర్తు రాడ్డు కొనుక్కుని, ఆ రాడ్డు భుజాన వేసుకుని పేటంతా చూస్తుండగా నడిచాడు.

ఆమె తలుపు తీసి, మనిషిని చూసి, రాడ్డుని చూసి, పక్కకి జరిగింది. రండి అనలేదు, రా అనలేదు. షాపుకి వెళ్ళాల్సిన మనిషి వెళ్ళలేదని మాత్రం అతను గమనించాడు. కుట్టుచెక్క వరండాలో వేసుకుని అక్కడ కూర్చుంది.

పెరట్లో చెమ్మ నేల చూసి ఎర్తు దింపాడు. బోర్డు దగ్గర బ్రేకరు బిగించాడు. పాత వైరు జోలికి పోకుండా, దాన్ని రెండు చివర్లా విడగొట్టి మూసేసి, గోడ మీద కొత్త కేసింగు నడిపించాడు. గోడలో పాత లైను ఎటు పోతుందో తెలియకుండా కన్నం వెయ్యకూడదు. స్విచ్చికి తిన్నగా పైనా కిందా అసలే వెయ్యకూడదు. చేత్తో తడిమి, తట్టి, ఆచూకీ తీసి గానీ డ్రిల్లు పెట్టలేదు. సున్నం దుమ్ము మంచం మీద పడకుండా ముందే పాత పేపర్లు పరిచాడు. కేసింగు వంకర పోతోందేమోనని వెనక్కి వెళ్ళి చూసి, ఒకచోట విప్పి మళ్ళీ బిగించాడు. ప్రతి మేకూ అతనికి తెలిసే దిగుతోంది. ఇది దిగితే ఆమె ఇక్కడ ఇంకాస్త నిలదొక్కుకుంటుంది, ఇంకోటి దిగితే తనకి ఇంకాస్త దూరమవుతుంది. అయినా ఒక్కటి వదులుగా కొట్టలేదు.

ఆమె లేచి వచ్చి అడక్కుండానే స్టూలు పట్టుకుంది. తల పైకెత్తలేదు. అతను పైనించి ఆ పాపిట చూస్తూ స్క్రూ కింద పడేసుకున్నాడు. ఆమె వంగి తీసి ఇచ్చింది.

బ్రేకరు దగ్గరికి పిలిచి చూపించాడు. "ఇక్కడ చిన్న బటనుంది చూడు. నెలకోసారి నొక్కాలి. టప్పున పడిపోవాలి. పడితే మంచిదన్నమాట, మళ్ళీ పైకి ఎత్తుకో. పడకపోతే ఎవరినైనా పిలువు."

"ఎవరిని?"

"ఎవరైనా... మంచి మేస్త్రీని."

ఆమె బటను నొక్కింది. టప్పుమని పడింది. ఎత్తింది. మళ్ళీ నొక్కింది. ఏదో ఆలోచిస్తూ అలా ఆడుకుంటున్నట్టే ఉంది. అతను మాత్రం ఆ బ్రేకరు పెట్టె వంకే చూస్తున్నాడు. తను లేకపోయినా ఈమెని చూసుకోవడానికి ఇక ఆ పెట్టె ఉందన్నమాట.

"ఎత్తు చూడాలి, కూర్చో" అన్నాడు.

ఆమె మంచమెక్కి దిండుకి ఆనుకుని కాళ్ళు చాపి పుస్తకం తెరిచింది. అతను భుజానికి కాస్త పైగా, వెలుగు పేజీ మీద పడి కళ్ళల్లో పొడవని చోటు చూసి గీత పెట్టాడు. లైటు బిగించాడు. ఆ ఇత్తడికి ఎర్తు తగిలించి, మీటరు పెట్టి చూసి, అప్పుడు వెళ్ళి మెయిన్ వేసి వచ్చాడు.

"నొక్కు."

ఆమె చెయ్యి చాపి నొక్కింది. బయట ఇంకా పొద్దు వాలలేదు గానీ ఆ గది చీకటిది. వెలుగు మెత్తగా పేజీ మీదికి దిగింది, ఆమె చెంప మీదికి, మెడ మీదికి వచ్చింది. ఆమె చదవడం మొదలుపెట్టింది. కాసేపటికి పేజీ తిప్పింది. అతను స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడి చూశాడు. ఇన్నేళ్ళూ దాటేసిన పని, పట్టుమని ఒక్కరోజు పని.

"ఇంత చిన్న పని" అన్నాడు.

"చిన్నదే" అంది పుస్తకంలోంచి తల ఎత్తకుండా. తర్వాత అంది, "నిన్న ఏదో ఒకటి అతికించి పోయుంటే నాకేం తెలిసేది? వెలుగుతోంది కదా అని సంబరపడేదాన్ని. పొద్దున ఇంకో మేస్త్రీకి ఫోను చేసి ఆ వైరు సంగతి చెప్పాన్లే. ముట్టుకోవద్దమ్మా, పీకేసినవాడు నీ మేలు కోరినవాడు అన్నాడు." పేజీ మూల వేలితో సాపు చేసింది. "నువ్వు రావనుకున్నా."

"నేనూ అనుకున్నా" అన్నాడు. ఆ ఒక్క మాటలో దాపరికం లేదు.

అతను రెండో లైటు చుట్టిన కాయితం విప్పాడు. "ఇదెక్కడ పెట్టమంటావు? వరండాలోనా? అక్కడైతే కుట్టు చేసుకోవడానికి..."

"మంచానికి అటు పక్క."

అతను అటు పక్క గోడ చూశాడు. ఖాళీ గోడ. ఆ పక్క మంచం మీద దుప్పటి నలగలేదు.

"ఎంత ఎత్తులో?" అన్నాడు. మేస్త్రీ అడిగే ప్రశ్నే. "ఎవరు చదువుతారో తెలిస్తే..."

"అటు పక్క మనిషి చదవడు. ఒరగ్గానే గురక. వెలుగు కళ్ళల్లో పడకుండా పెట్టు."

ఈ లోకంలో ఆమె విన్న గురక ఒక్కడిదే. అది ఆ ఒక్కడికీ తెలుసు. ఆమెని ఇంటికి ఎలా రప్పించాలా అని ఇన్నాళ్ళూ కొట్టుకుచచ్చాడు గానీ, తననే రమ్మంటుందని మాత్రం అతని బుర్రకి ఎన్నడూ తట్టలేదు. లైటు చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

"అలా నిలబడితే ఎత్తెలా తెలుస్తుంది?" అంది. "పడుకుని చూడు."

"బట్టల నిండా సున్నం."

"దులుపుకో."

దులుపుకున్నాడు. వరండాలోకి వెళ్ళి మరీ దులుపుకుని వచ్చి, మంచానికి అటు పక్క, అంచుమీద, పరాయి ఇంట్లో పడుకున్నట్టు పడుకున్నాడు. ఆమె పుస్తకం బోర్లించి లేచింది. అతని జేబులోని పెన్సిలు తీసుకుని, అతని తల పైనించి వంగి, గోడ మీద మెల్లిగా పైకి జరుపుతూ వెళ్ళి ఒకచోట ఆగి గీత పెట్టింది.

"ఇక్కడైతే కళ్ళల్లో పడదు. కనిపిస్తోందా గీత?"

అతనికి గీతే కాదు, గోడ కూడా కన్నీళ్ళలో అలుక్కుపోయి ఉంది. కనిపిస్తోంది అన్నాడు.